హడపం ఈదప్పకు ఎంత తెలుసు?

నూట ఎనభై ఏళ్ళ కిందట మా ఇప్పలగడ్డ కోటలో జరిగిన ఒక హత్య మీద ప్రభుత్వం ఆలస్యంగానైనా దృష్టి సారించినప్పుడు, ఆ విచారణకు మినిట్స్ రాసే పని నాకు అప్పగించారు. నా పేరు శేషగిరి. కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటును. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా దస్తూరి గురించి గానీ, నేను రాసిన దాంట్లోని నిజం గురించి గానీ ఎవరూ వేలెత్తి చూపలేదు. అందుకే నన్ను ఎంచుకున్నారని అదనపు కలెక్టరు గారే స్వయంగా అన్నారు. మిగతా ఇద్దరు సెలవులో ఉన్న సంగతి ఆయన అనలేదు.

ముందు ఆ హత్య సంగతి చెప్పాలి. ఇప్పలగడ్డ ఆ రోజుల్లో చిన్న సంస్థానం. రాజు చిన్నవాడు కావడంతో పెత్తనమంతా దివాను తిర్మల్‌రావుది. ఒక కరువు సంవత్సరం అతను పెద్దచెరువు తూము మూయించి, ఉన్న కాసిని నీళ్ళూ తన మామిడితోటకు మళ్ళించుకున్నాడు. ఊళ్ళు ఎండిపోయాయి. ఒక సోమవారం పొద్దున అతను భోజనం ముగించి తాంబూలానికి చెయ్యి చాపితే, పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే నౌకరు ఈదప్ప, ఆకులు కోసే కత్తి అతని గుండెలో దించాడు. పెద్దలకు తాంబూలం అందించే ఆ కొలువును హడపం అనేవారు. అదే ఆ ఇంటి పేరైంది.

సరిగ్గా అదే సమయానికి ఈదప్ప బావమరిది బాలప్ప, స్నానం చేస్తున్న కొత్వాలు మీద రోకలితో పడ్డాడు. కొత్వాలు రెండు పళ్ళు పోగొట్టుకుని బతికాడు. ఈదప్ప స్నేహితుడు చెన్నడు, శిస్తు వసూలు చేసే అమీను గారిని చంపడానికి వాళ్ళింటికి వెళ్ళాడు. చుట్టమేమో అనుకుని అమీను భార్య పీట వేసి అన్నం పెట్టింది. చెన్నడు తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాడు. ఈదప్ప దొరికిపోయాడు. మూడు రోజులు కొట్టి నాలుగో రోజు ఉరితీశారు. మిగిలిన ఇద్దరూ కృష్ణ దాటి పారిపోయారు. పళ్ళూడిన కొత్వాలు ఆ వారమే భయపడి తూము తెరిపించాడు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది గడి దగ్గర.

హైదరాబాదు నుంచి వారసత్వ ఫలకాల ఏకరూప పథకం కింద ఒక ఉత్తర్వు దిగింది. చారిత్రక స్థలాలన్నింటి దగ్గరా ఒకే కొలత నల్లరాతి ఫలకం పెట్టాలి. ఫలకం మీద ఏడు గడులు. మొదటి ఆరింటినీ మా మ్యూజియం ఇన్‌చార్జి పుష్పలీల గారు ఒక పూటలో నింపేశారు. ఏడోది సంఘటన స్వభావం. దానికింద రెండే రెండు జవాబులు: తిరుగుబాటు, హత్య. కింద చిన్న అక్షరాల్లో వివరణ ఉంది: ‘ప్రధాన కర్తకు తన సహచరుల దాడుల గురించి ముందస్తు అవగాహన ఉన్నచో తిరుగుబాటుగాను, లేనిచో హత్యగాను నమోదు చేయవలెను.’

ఈదప్పకు మిగతా ఇద్దరి సంగతి తెలుసా, తెలియదా? దాన్ని తేల్చడానికే కమిటీ.

మొదటి సమావేశంలో అదనపు కలెక్టరు గారు అధ్యక్షోపన్యాసం చేశారు. “ఇది చారిత్రక ప్రశ్న కాదు, పరిపాలనా ప్రశ్న. చరిత్ర సంగతి చరిత్ర చూసుకుంటుంది. మన బాధ్యత గడి నిండటం. మార్చి నెలాఖరుకు నిండాలి” అన్నారు. అందరూ బల్లలు చరిచారు. నేను ‘హర్షధ్వానాలు’ అని రాసుకున్నాను.

కమిటీలో ఇద్దరు ఆచార్యులు ఉన్నారు. విఠల్‌రావు గారిది ‘తెలుసు’ పక్షం. సత్యమూర్తి గారిది ‘తెలియదు’ పక్షం. వీళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళుగా ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే కారిడారులో పనిచేసి, మాటలు లేకుండా రిటైరైనవాళ్ళు.

“మూడు దాడులూ ఒకే గడియలో జరిగాయి. ముగ్గురు మనుషులకు ఒకే రోజు, ఒకే పూట, వేర్వేరు వీధుల్లో కోపం రావడం కాకతాళీయమా?” అన్నారు విఠల్‌రావు గారు, నా వైపు చూస్తూ. సత్యమూర్తి గారి వైపు ఆయన చూడరు.

సత్యమూర్తి గారు కూడా నాకే జవాబిచ్చారు. “శేషగిరి గారూ, అప్పటి విచారణ కాగితం మ్యూజియంలో ఉంది. ఇంకా ఎవరెవరున్నారని కొట్టి కొట్టి అడిగితే ఈదప్ప ‘నాకు ఎరుక లేదు’ అన్నాడు. ఒకసారి కాదు, పదకొండుసార్లు. ప్రాణం పోతున్న మనిషి అబద్ధం ఆడడు.”

“పదకొండుసార్లు అన్నాడంటేనే అబద్ధం! నిజంగా తెలియనివాడు రెండుసార్లో మూడుసార్లో అంటాడు. అంతకు మించితే దాస్తున్నట్టే.”

కమిటీకి ఇది శాస్త్రీయంగా పరిశీలించదగ్గ విషయమనిపించింది. నిజంగా తెలియనివాడు తెలియదని ఎన్నిసార్లు అంటాడో నిర్ధారించడానికి ఉపసంఘం వేశారు. వాళ్ళు మా ఆఫీసులోనే పద్దెనిమిది మందిని పిలిచి, ఎవరూ ఎన్నడూ చూడని ఒక ఫైలు ఎక్కడుందని గట్టిగా అడిగారు. సగటున నాలుగుసార్లు తెలియదన్నారు. రికార్డు రూము చూసుకునే కిష్టయ్య మాత్రం మొదటి ప్రశ్నకే “రేపు తెచ్చిస్త సార్” అన్నాడు. అతన్ని లెక్కలోంచి తీసేశారు. నలుగురు ఏడ్చారని కూడా నేను మినిట్స్‌లో రాశాను. అధ్యక్షుల వారు ఆ వాక్యం కొట్టేయించారు.

ఆ తర్వాత క్షేత్ర పరిశీలన. మూడు దాడులనూ అవే వీధుల్లో, అదే సమయానికి మళ్ళీ చేయించి చూడాలన్నారు. దివానుగా నీటిపారుదల ఇంజనీరు కూర్చున్నాడు. ఈదప్పగా సర్వే శాఖ ఉద్యోగి ఒకడు స్కేలు పట్టుకుని నిలబడ్డాడు. కొత్వాలు ఇల్లు ఇప్పుడు ఎరువుల దుకాణం. అక్కడ కేక పెడితే కోటలోకి వినపడుతుందా లేదా అన్నది ఒక అంశం. కేక వినపడలేదు గానీ, దుకాణదారు భయపడి షట్టరు దించిన చప్పుడు వినపడింది. ఈ రెంటిలో దేన్ని పరిగణించాలో తేలలేదు.

చెన్నడి పాత్ర మా టైపిస్టు అంజిలయ్యది. అమీను గారి ఇల్లున్న చోట ఇప్పుడు మెస్సు ఉంది. అతను గంటన్నర తర్వాత చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. “పప్పు మస్తుంది సార్” అన్నాడు. చెన్నడి ప్రవర్తన సహజమైనదేనని క్షేత్రస్థాయిలో రుజువైనట్టు నమోదు చేశాం. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకున్న అంశం అదొక్కటే.

అప్పటిదాకా నాకు ఈ పని సంతోషంగానే ఉండింది. నాలుగో సమావేశం ముందు రోజు సాయవ్వ వచ్చి నా బల్ల ముందు నిలబడే వరకూ.

సాయవ్వను ఇప్పలగడ్డలో ఎరగనివాళ్ళు లేరు. కోట వాకిలి పక్కన రేకు కప్పు కింద, పీట మీద కూర్చుని తమలపాకులు, వక్కలు అమ్ముతుంది. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, నిటారుగా ఉంటుంది. ఇంటిపేరు హడపం. ఈదప్ప వంశంలో ఊళ్ళో మిగిలింది ఆమె ఒక్కతే. ఆమె చేతిలో రెండు నోటీసులున్నాయి.

“సారూ, గివి రెండు ఒక్క దినమే ఇచ్చిపోయిండ్రు. జర సదివి చెప్పు.”

మొదటిది పర్యాటక శాఖది. ఈదప్పకు తెలుసని తేలితే అతను తిరుగుబాటు వీరుడు. వీరుడికి పదమూడు అడుగుల విగ్రహం పెడతారు. విగ్రహం దిమ్మె సరిగ్గా సాయవ్వ కొట్టున్న చోట వస్తుంది గనుక కొట్టు తీసేయాలి. రెండోది పోలీసు శాఖది. ఈదప్పకు తెలియదని తేలితే అతను హంతకుడు. అప్పుడు కోట వాకిలి గదుల్లో నేరచరిత్ర ప్రదర్శనశాల పెడతారు. దాని టికెట్ల కిటికీ సరిగ్గా సాయవ్వ కొట్టున్న చోట వస్తుంది గనుక కొట్టు తీసేయాలి.

నేను చదివి చెప్పాను. ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

“అంటే మా తాత మంచోడైన నేను లేవాలె, చెడ్డోడైన నేను లేవాలె.”

“ఇంకా నిర్ణయం కాలేదమ్మా.”

“ఎన్నడైతది?”

“మార్చి నెలాఖరుకు.”

“ఆయన ఎట్ల సచ్చిండో మా ఇంట్ల అందరికి ఎరుకే సారూ. మమ్ములనైతే ఎవ్వరు అడగలే” అంది. కోపంగా కాదు, ఆకుల ధర చెప్పినట్టు చెప్పింది. నోటీసులు మడిచి రవికెలో దోపుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నాకు పని సాగలేదు. సాయంత్రం మ్యూజియానికి వెళ్ళి పుష్పలీల గారితో చెప్పాను. ఆమె కమిటీలో సభ్యురాలే గానీ, మూడు సమావేశాల్లో ఆమెను అడిగింది ఒక్కటే, టీలు వచ్చాయా అని. ఆమె నా మాట పూర్తిగా విని, “నేను పన్నెండేండ్ల నుంచి ఆమె ముంగటి నుంచే డ్యూటీకి వస్తున్న. నేను కూడ అడగలే సార్” అంది. మర్నాడు సమావేశం మొదలుకాగానే లేచి నిలబడి, సాయవ్వను సాక్షిగా పిలవాలని ప్రతిపాదించింది.

ఆచార్యులిద్దరూ అభ్యంతరం చెప్పారు. నోటిమాట ఆధారం కాదన్నారు ఒకరు. నోటిమాట అసలు ఆధారమే కాదన్నారు ఇంకొకరు. తామిద్దరూ ఒకే మాట అన్నామని తెలిశాక, ఇద్దరూ అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు.

సాయవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

“సాయవ్వ గారూ. తమ పూర్వీకులైన ఈదప్ప గారికి, సదరు దినమున తన సహచరులు జరపబోవు దాడుల విషయమై ముందస్తు అవగాహన ఉండెనా, లేదా?”

ఆమె పుష్పలీల వైపు చూసింది. “మిగిలిన ఇద్దరి సంగతి తాతకు ఎరుకేనా అని అడుగుతున్నరు పెద్దమ్మా” అంది పుష్పలీల.

“ఎరుక లేదు” అంది సాయవ్వ.

సత్యమూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ముప్పై ఏళ్ళ తృప్తి ఆయన ముఖంలో కనిపించింది.

“లచ్చవ్వకు ఎరుక” అంది సాయవ్వ.

“లచ్చవ్వ ఎవరు?” అన్నారు అధ్యక్షుల వారు.

“ఆయన పెండ్లాం. గామెనే గద అంత చేసింది! పొద్దుగాల ఇంటింటికి ఆకులు ఏసొచ్చేది. కొత్వాలు ఎప్పుడు తానం చేస్తడో, అమీను ఎప్పుడు ఇంట్ల ఉంటడో, దివాను ఎప్పుడు అన్నం తింటడో ఆమెకు తెల్వనిదేముంది? తమ్మునికి చెప్పింది, సోమారం పొద్దెక్కినంక నువ్వు గిట్ల చెయ్యమని. చెన్నన్నకు చెప్పింది. మొగనికేమో కత్తి నూరి ఇచ్చి, గాయన చెయ్యి చాపంగనే పొడువు అన్నది. గంతే. ఇంకొకళ్ళ సంగతి చెప్పలే.”

“ఎందుకు చెప్పలేదు?” అడిగింది విఠల్‌రావు గారు. మొదటిసారి ఆయన నా వైపు తిరగకుండా మాట్లాడారు.

“దొరుకుతడని ఆమెకు ఎరుకే సారూ. దివాను ముంగట నిలబడి పొడిచినోడు ఎట్ల తప్పించుకుంటడు? దొరికితే కొడ్తరు. ఆయన దెబ్బలకు ఓర్చేటోడు కాదు. మా ఇంట్లోళ్ళు ఏం గొప్పోళ్ళు కాదు. ఎరుకున్నోడైతే చెప్తుండె. ఎరుక లేనోడు ఏం చెప్తడు? అందుకనే చెప్పలే. మూడు దినాలు కొట్టిండ్రు. ఎరుక లేదు ఎరుక లేదు అన్నడు. నిజంగనే లేకుండె. గట్లనే గా ఇద్దరు బతికిండ్రు.”

సాయవ్వ చీర కొంగు సర్దుకుంది.

“ఉరి తీసే నాడు ఆమెను ఒక్కసారి పోనిచ్చిండ్రు. ఆకు మడిచి తీస్కపోయింది. ఆయన అడిగిండట, ‘లచ్చీ, నేనొక్కణ్నేనా, ఇంకెవలన్న ఉండిరానే?’ అని. చుట్టూ జవాన్లు. ఆమె ఆయన నోట్లె ఆకు పెట్టి ‘తిను’ అన్నదట. గంతే చెప్పింది. ఆయన తెల్వకనే పోయిండు. ఆమె ఎనభై ఏండ్లు బతికింది, ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా ఏడ్చేది అని మా నాయినమ్మ చెప్పేది.”

పోలీసు శాఖ తరఫున వచ్చిన డీఎస్పీ గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. దాన్ని మినిట్స్‌లో ఎలా రాయాలో నాకు నిజంగా తెలియలేదు.

చివరికి అధ్యక్షుల వారు నోరు విప్పారు. “అయితే ఈ లచ్చవ్వ గారిని ప్రధాన కర్తగా తీసుకోవాలా, సహచరిగానా? నమూనాలో భార్యకు గడి లేదే.”

అంతే, కమిటీకి ప్రాణం వచ్చింది. ఒక బుర్ర మూడు దాడులనూ నడిపింది గనుక ఇది తిరుగుబాటేనన్నారు విఠల్‌రావు గారు. చేసినవాడికి తెలియదు గనుక ఉత్తర్వు ప్రకారం హత్యేనన్నారు సత్యమూర్తి గారు. తామిద్దరూ నెగ్గామని ఇద్దరికీ అనిపించింది. ఎదుటివాడు కూడా నెగ్గాడన్నది మాత్రం ఇద్దరికీ మింగుడు పడలేదు. ‘ప్రధాన కర్తకు తెలియదు, కాని ఇంటిలోని వారికి తెలుసు, ఇట్టి సందర్భమున ఏ గడి నింపవలెనో తెలియజేయ ప్రార్థన’ అని హైదరాబాదుకు లేఖ రాశాం. సాయవ్వ చెప్పినదంతా నేను ఆమె మాటల్లోనే రాసి జతపరిచాను. అదనపు కలెక్టరు గారు అది చదివి, ఏదో కొట్టేయబోయి, కలం మూత పెట్టేశారు.

నాలుగు నెలలకు జవాబొచ్చింది. ‘ఇంటిలోని వారి అవగాహన విషయమై నియమావళి మౌనముగా ఉన్నందున, నిపుణుల రాష్ట్రస్థాయి సంఘమును నియమించడమైనది. తుది నిర్ణయము వెలువడు వరకు ఫలకమును ఖాళీగా ప్రతిష్ఠించి, సదరు స్థలమందలి సమస్తమును యథాతథముగా కాపాడవలెను.’

నోటీసులు రెండూ రద్దయ్యాయి. సాయవ్వకు ఆ మాట చెబితే, “అట్లనా” అని నాకు రెండు ఆకులు చుట్టిచ్చింది.

కాపాడాలంటే ఏముందో జాబితా ఉండాలి గదా. ఆ జాబితా నేనే రాశాను. కోట వాకిలి తలుపులు, ఫిరంగి ముక్క, మ్యూజియం గదిలోని తొమ్మిది వస్తువులు, ఖాళీ ఫలకం, ఇలా ఇరవై మూడు అంశాలు. పద్నాలుగోది: ‘రేకు కప్పు ఒకటి, పీట ఒకటి, పీటపై సాయవ్వ.’ నెలకొకసారి వచ్చి, అన్నీ ఉన్నచోటనే ఉన్నాయని టిక్కులు పెట్టే బాధ్యత కూడా నాదే.

రెండు నెలలు బాగానే గడిచాయి. మూడో నెలలో సాయవ్వ ఆఫీసుకు వచ్చింది. ఆత్మకూరులో చెల్లెలి మనవరాలి పెళ్ళి. మూడు రోజులు పోయి వస్తానంది. నేను ఫైలు పైకి పంపాను. అదనపు కలెక్టరు గారు విచారంగా తల ఊపారు.

“యథాతథ స్థితిలోని అంశాన్ని కదిలించే అధికారం మనకు లేదు శేషగిరి గారూ. తరలింపు దరఖాస్తు పెట్టించండి.”

ఆ దరఖాస్తులో అంశం పొడవు, వెడల్పు, సుమారు వయసు, పగుళ్ళేమైనా ఉంటే వాటి వివరం, రవాణాలో ఒరిగిపోకుండా తీసుకునే జాగ్రత్తలు అడిగారు. నేను ఒక్కొక్కటీ చదివి అడుగుతుంటే సాయవ్వ వయసు దాకా ఓపిగ్గా చెప్పింది. పగుళ్ళ దగ్గరికి వచ్చేసరికి, “నీకు పని లేదా సారూ” అని లేచి వెళ్ళిపోయింది. అయినా నింపి పంపాను. జవాబు రాలేదు.

తనిఖీ రోజు వచ్చింది. ఆ రోజే పెళ్ళి. నేను కోటకు వెళ్ళేసరికి రేకు కప్పు ఉంది, పీట ఉంది, పీట మీద పుష్పలీల ఉంది. గవర్నమెంటు ఐడీ కార్డు మెడలో వేసుకుని, ఒక బస్సు కండక్టరుకు ఆకులు చుడుతోంది. సున్నం ఎక్కువైందని అతను అంటుంటే, తడబడుతూ ఇంకొకటి చుట్టింది. అతను ఖాళీ ఫలకం చూపించి ఇదేందని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కోటలో పన్నెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న మనిషి అంత ఇష్టంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బయలుదేరాల్సిన బస్సు పదిహేను నిమిషాలు ఆగింది.

అతను వెళ్ళాక నేను దగ్గరికి వెళ్ళాను. పుష్పలీల లేచి నిలబడింది.

“శేషగిరి సార్, పెద్దమ్మ…”

“కూర్చోండి మేడమ్. నాకేమీ చెప్పకండి.”

“అది కాదు సార్, ఆమె నిన్న పొద్దున…”

“వద్దు. రేపు నన్నెవరైనా అడిగితే తెలియదనాలి. తెలిసి తెలియదనడం నాకు అలవాటు లేదు.”

ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసి కూర్చుంది. పీటపై మనిషి ఉంది. ముఖం చూడమని ఉత్తర్వులో లేదు. పద్నాలుగో అంశానికి టిక్కు పెట్టాను.

తర్వాత మ్యూజియం గదిలోకి వెళ్ళాను. తొమ్మిది వస్తువులూ ఉన్నాయి. అద్దాల పెట్టెలో ఈదప్ప కత్తి, పక్కన విచారణ కాగితం. వాటి మధ్య జాబితాలో లేని పదో వస్తువు ఒకటి ఉంది. పెళ్ళిపత్రికకు వాడే మందపాటి అట్ట ముక్క మీద, నల్ల స్కెచ్చు పెన్నుతో రాసి నిలబెట్టారు. పుష్పలీల దస్తూరి నాకు తెలుసు.

‘లచ్చవ్వ. ఈదప్ప భార్య. ఈమెకు అంతా తెలుసు.’

దానికి కమిటీ ఆమోదం లేదు, రిఫరెన్సు నంబరు లేదు, కింద సంతకమూ లేదు. నేను రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. తర్వాత తనిఖీ పుస్తకం తెరిచి, తేదీ వేసి, ‘మార్పులేమీ లేవు’ అని రాశాను.

నా సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అది. అక్షరాలు మాత్రం ఎప్పటికంటే గుండ్రంగా కుదిరాయి.